నవ్వకూడని ఇల్లు

ఒకప్పటి మా పక్కింటి లచ్చక్క పోయిందని కబురు రాగానే మా ఆయనా నేనూ కరీంనగర్‌లో బస్సెక్కి గోదావరిఖని వెళ్లాం. చావింట్లో లచ్చక్క కోడలు మమ్మల్ని చూసి బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి చెప్పింది. మంచం మీద ఉన్న మనిషి, ఊపిరి తీసుకోవడానికే తిప్పలు పడుతున్న మనిషి, పోయే ముందురోజు మందు గోలీల పాకెట్టును దిండు కింద దాచిపెట్టుకున్నదట. "నేను ఇల్లంత ఎతుకుతాంటే దుప్పటి మూతికి అడ్డం పెట్టుకొని నవ్వుతాంది అత్త" అని చెప్పి, ఆ పిల్ల ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లూ నవ్వారు. మళ్లీ అందరూ ఏడ్చారు. ఎవరో మావైపు తిరిగి, "పడుసు వయసుల గూడ గిట్లనే ఉండెనా?" అని అడిగారు. ఆయన చెప్పబోయి, లేచి బయటికి వెళ్లిపోయారు. ఆయన చెప్పలేకపోయిన దాన్ని నేను రాస్తున్నాను.

మేమున్న వాడ ఇప్పుడు లేదు. ఆ నేలను తవ్వి బొగ్గు తీసుకుని, తీసిన మట్టిని గుట్టలాగా పోశారు. అప్పట్లో అక్కడ రేకుల కప్పుల క్వార్టర్లు వరసలు వరసలుగా ఉండేవి. ముందు ఒక అరుగు, లోపల ఒక గది, దాని వెనక చీకటిగా చిన్న వంటగది. మంథని అవతల మా ఊళ్లో పత్తి చేలు, జొన్న చేలు తప్ప మరేమీ ఎరగని నేను పెళ్లయి ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజే భయపడ్డాను. గూట్లో వరసగా పెట్టిన ఇత్తడి గిన్నెలు వాటంతటవే గణగణలాడాయి. దయ్యమనుకుని మా అత్త కొంగు పట్టుకున్నాను. "గది దయ్యం గాదు పిల్లా, కింద బొగ్గుకు మందు పెట్టి పేలుస్తున్నరు" అన్నది అత్త. నాకు దయ్యమే నయమనిపించింది. నేను నిలబడిన నేల కింద మనుషులు ఉన్నారనీ, వాళ్లలో ఒకడు నా పెనిమిటి అనీ తెలిశాక కాలు గట్టిగా మోపడానికే బుగులు పుట్టేది. పొద్దున లేస్తే వాడంతా పచ్చిబొగ్గు పొగ. ఇంటింటి ముందూ పొయ్యిలు పెట్టి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోయేవాళ్లం. ఆ తారు వాసన తలలో, చీరలో, చివరికి అన్నం మెతుకుల్లో కూడా ఉండేది. షిఫ్టు మారేటప్పుడు సైరన్ కూసేది. దానికి అలవాటు పడటానికి నాకు చాలా రోజులు పట్టింది. వేళకాని వేళ కూస్తే ఏమిటో మాత్రం నాకెవరూ చెప్పలేదు. అడగటానికి ధైర్యమూ చాలలేదు.

మా అత్త రాజవ్వ మంచిదే. కడుపునిండా పెట్టేది, ఒక్క మాట అనేది కాదు. కానీ ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కొడుకు సద్దిగిన్నె పట్టుకుని గడప దాటిన క్షణం నుంచి తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. "మొగోడు బాయిల ఉన్నంతసేపు ఆడిదాని పండ్లు బయటికి కనవడద్దు బిడ్డా" అని నాకు మొదటి వారంలోనే చెప్పింది. బాయి అంటే బొగ్గుగని. మా మామ ఆ బాయిలోనే పోయాడని, ఆయన బదులు కొడుక్కి పని ఇచ్చారని మాత్రం తెలుసు. అందుకని అత్త మాటకు ఎదురు చెప్పాలని తోచలేదు. ఆయన, అంటే మా కనకయ్య, షిఫ్టు నుంచి వచ్చాక కూడా మా ఇంట్లో నవ్వు వినిపించేది కాదు. నోళ్లు మరిచిపోయి ఉంటాయి.

గోడకు అవతల లచ్చక్క ఇల్లు. ఇద్దరు పిల్లల తల్లి, భారీ మనిషి, నడిస్తే కడియాలు చప్పుడయ్యేవి. ఆమె భర్త మల్లేశం, మా ఆయనా ఒకే చోట పనిచేసేవారు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే పని. మల్లేశం డ్యూటీకి తయారయ్యే వేళకు ఆయన టోపీ కనిపించేది కాదు. "లచ్చీ, టైమైతాంది, టోపీ ఏదే?" అని ఆయన అరుపు. "నన్నడుగుతవేంది? టోపీ పెట్టుకునేది నేనా?" అని ఈమె. చివరికి అది బొగ్గు తట్ట కిందో, నీళ్ల కాగు వెనకో దొరికేది. దొరికాక ఆయన ఆమెను అరుగు చుట్టూ తరిమేవాడు. పిల్లల కంటే వాళ్లే ఎక్కువ కేకలు పెట్టేవారు. గోడకు ఇవతల మా అత్త చెవులు మూసుకునేది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. కాసేపట్లో ఆ బొందలోకి దిగబోయే మనిషి అలా ఎలా నవ్వుతాడు? నవ్వి పోయినవాడు తిరిగి రాకపోతే ఈమె ఆ నవ్వును ఎలా మోస్తుంది? మధ్యాహ్నాలు వాడలోని ఆడవాళ్లను పోగేసి లచ్చక్క కచ్చకాయలో, కళ్లకు గంతలాటో పెట్టేది. నన్నూ పిలిచేది. నేను తల అడ్డంగా ఊపి లోపలికి పోయేదాన్ని.

ఆ ఎండాకాలం, అన్నాలు తిన్న వేళ, నేను అరుగు మీద మిరపకాయలు తొడిమలు తీస్తున్నాను. అటువైపు నీడలో ఆడవాళ్లు ఆడుకుంటున్నారు. సైరన్ కూసింది. షిఫ్టు మారే వేళ కాదు. ఒక్కసారిగా వాడంతా లేచింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు, అందరం పరుగెత్తాం. కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి మర్నాడు బొబ్బలు చూసుకున్నాకే తెలిసింది. బాయి దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు వస్తే చేతుల్తో తుడుచుకున్నాను. మిరపకాయల చేతులు. కళ్లు భగ్గుమని మండిపోయాయి, ఇక తెరవలేకపోయాను. లోపలి నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. నాకు అడుగుల చప్పుడు వినిపించడమే తప్ప ఏమీ కనపడదు. పక్కనున్న లచ్చక్క నా చెయ్యి వదల్లేదు.

"ఎవలొచ్చిండ్రు అక్కా?"

"పక్క వాడోళ్లు. చూస్తున్న, నువ్వు గమ్మునుండు."

"ఇప్పుడెవలు?"

"మా ఆయిన." ఆమె గొంతులో సంతోషం లేదు. "మల్లేశం వచ్చిండు. మనోడు ఇంక రాలే."

పైకప్పు బండ కూలిందనీ, దాని అవతల మా ఆయన, ఓదెలు కాక చిక్కుకున్నారనీ మల్లేశం వచ్చి చెప్పాడు. ఓదెలు కాక పెద్దమనిషి, మా ఆయనకు పని నేర్పినవాడు. పొద్దు వాలేదాకా బండలు తొలిచారు. మా అత్త కంచె పక్కన నేల మీద కూర్చుని మట్టిని గుప్పిట్లోకి తీసుకుంటూ వదులుతూ ఉంది. చివరికి ఆయన తన కాళ్ల మీద తాను నడిచి బయటికి వచ్చారు. వెనకే ఓదెలు కాకను మోసుకొచ్చారు. కాక ముఖం మీద బట్ట కప్పి ఉంది.

ఒంటి మీద గీరుకుపోయిన గాయాలు తప్ప మా ఆయనకు ఏమీ కాలేదు. దవాఖానలో కట్లు కట్టి, కొన్ని రోజులు పోయాక ఎముకలన్నీ చూసి మంచిగనే ఉన్నవన్నారు, డ్యూటీకి పొమ్మన్నారు. కానీ ఇంట్లో ఉన్న మనిషి మంచిగ లేడు. కళ్లు మూసేవాడు కాదు. కునుకు పట్టి రెప్పలు వాలాయో లేదో ఎవరో తోసినట్టు అదిరిపడి లేచేవాడు. వెనక వంటగదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. ముఖం కడుక్కుంటూ కూడా ఒక కన్ను తెరిచే ఉంచేవాడు. సబ్బు నురగ పోయి ఆ కన్ను ఎర్రగా అయిపోయేది. అత్త తాయెత్తు కట్టించింది, వేపమండలతో దిష్టి తీయించింది. నేను పక్కన కూర్చుంటే నన్ను కాక నా వెనక ఏదో చూస్తున్నట్టు చూసేవాడు. ఆ చూపు చూసి నాకు నా ఇల్లే భయమయింది.

తర్వాత ఒకరోజు ఆయనే లేచి టోపీ పెట్టుకుని సద్ది పట్టుకుని డ్యూటీకి పోయారు. అత్త పోచమ్మకు మొక్కింది. మర్నాడూ పోయారు, ఆ మర్నాడూ. నేను బట్టలు ఉతుకుతున్నాను. రోజూ ఎంత జాడించినా నల్లగానే కారే నీళ్లు ఆ వేళ తెల్లగా కారాయి. చొక్కా విప్పి చూశాను. మట్టి ఉంది, గడ్డి పరకలున్నాయి, బొగ్గు లేదు. చేతిలో చొక్కా పట్టుకుని అలాగే కూలబడ్డాను. గోడ అవతల మల్లేశం ఉన్నాడు, వెళ్లి అడిగాను.

"బాయి మూతికాడిదాంక వస్తడు చెల్లె. మాతోనే హాజరేసే మస్టరు కాడ నిలవడ్తడు. లోపటికి చూస్తడు, మల్ల వెనుకకు తిరిగి గోదారి దిక్కు పోతడు. రోజూ గదే. ఇంకొన్ని నాగాలు పడ్డయనుకో, పని తీసేస్తరు. క్వార్టర్ గూడ పోతది."

మామ చావుతో వచ్చిన పని అది. అది పోతే మాకు మిగిలేది లేదు. ఉంటే ఆ మనిషిని మళ్లీ ఆ చీకట్లోకి తోయాలి. ఏది కోరుకోవాలో తెలియక నేను లచ్చక్క వాకిట్లోనే ఏడ్చాను. లచ్చక్క ఓదార్చలేదు, సలహా చెప్పలేదు. బియ్యంలో రాళ్లేరుతూ వింటూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరాక, ఆమె మా అరుగు ముందుకు వచ్చి, "కనకయ్యా, మా ఆటల తొండి చేస్తున్నరు. నువ్వు గీడ కూసోని ఎవలు తొండి చేస్తున్నరో చెప్పు" అన్నది. మా ఆయన ఆమెకేసి పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అయినా కాదనలేదు. వాడలో ఆడవాళ్లతోపాటు ఆ రోజు మల్లేశమూ, రెండో షిఫ్టు లేని మగవాళ్లు కొందరూ ఉన్నారు. మీసాలున్న మగవాళ్లు సిగ్గుపడుతూ, లుంగీలు ఎగ్గట్టుకుని, నడివీధిలో కళ్లకు గంతలాట. లచ్చక్కే దొంగ. తువ్వాలతో ఆమె కళ్లు కట్టి తిప్పి వదిలారు. చుట్టూ చప్పట్లు. ఆమె చేతులు చాచుకుని పోతుంటే, అదే వేళకు మా బాయిలో పని చేయించే సర్దారు సైకిల్ నడిపించుకుంటూ ఆ దారిన వచ్చాడు. మనిషిని చూస్తే పనివాళ్లు బీడీ దాచుకునేంత కోపిష్టి. లచ్చక్క పోయి పోయి ఆయన్నే పట్టుకుంది. చప్పట్లు ఆగిపోయాయి. ఆమె తీరిగ్గా ఆయన ముఖం తడిమి, మీసం కొస పట్టి లాగి, "గిది మా మల్లేశం మీసం గాదు. మావోనిది ఎలుక తోకంత ఉంటది" అన్నది. సర్దారు సైకిల్ వదిలేశాడు. అది దభీమని పడింది. వాడంతా గొల్లుమంది.

అందరి నవ్వుల్లోంచి ఒక నవ్వు నాకు వేరుగా వినిపించింది. మా ఆయనది. పెళ్లయ్యాక మొదటిసారి విన్నాను.

మరుక్షణం మా అత్త లోపల్నుంచి ఉరికి వచ్చింది. కొడుకు నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టి, "నవ్వకు బిడ్డా! నీ కాళ్లు మొక్కుత, నవ్వకు!" అని అరిచింది. వీధిలో అందరూ కొయ్యబారిపోయారు. "మీ నాయిన పోయిన్నాడు నేను నల్లకాడ పడి పడి నవ్విన. ఎందుకు నవ్విన్నో గూడ యాదికి లేదు. గంతల్నే సైరన్ కూసింది. నేను నవ్వి సంపుకున్న. నిన్ను గూడ సంపుకోనా?"

ఇన్నేళ్లూ ఆమె ఆ మాటను ఎవరికీ చెప్పలేదు. నాకు ఆమె మీద జాలీ, ఆమెతో మాట్లాడాలంటే భయమూ రెండూ కలిగాయి. అత్త ముందు నోరు తెరిచి ఎరగను. కానీ ఆ అరచేతి వెనక ఆయన కళ్లు మళ్లీ గోడలాగా అయిపోతున్నాయి. అది చూసి నా నోట మాట వచ్చింది.

"అత్తా, మొన్న బండ పడ్డ దినం మనింట్ల ఎవలు నవ్విండ్రు?"

ఆమె నావైపు తిరిగింది.

"ఎవలు నవ్వలే. నేను గీ ఇంటికి వచ్చిన కాంచి ఒక్కసారి నవ్వలే. నువ్వు నవ్వలే. గాయిన నవ్వలే. మరి బండ ఎందుకు పడ్డదత్తా?"

అత్త చెయ్యి మెల్లగా కిందికి జారింది. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ సాయంత్రం ఎవరికీ కూడు పోలేదు. నేను తప్పు మాట్లాడానేమో, ఆ మాటకు ఏ కీడు జరుగుతుందోనని భయపడుతూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆయన ఆటలోకి దిగారు. మొదటిసారి తువ్వాల కళ్లకు తగలగానే దాన్ని పీకి పారేసి, రొప్పుతూ గోడకు ఆనుకున్నారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. లచ్చక్క తువ్వాల తీసి దులిపి తన భుజాన వేసుకుని, "గంతలు వద్దు. నువ్వే మూసుకో. నీ కండ్లు, నీ ఇష్టం ఉన్నప్పుడు తెరువు" అన్నది. మేమంతా చుట్టూ చప్పట్లు కొట్టాం. ఆయన రెప్పలు వాలాయి. వెంటనే తెరుచుకున్నాయి. మళ్లీ వాలాయి. ఎవరో అలిసిపోయి చప్పట్లు ఆపారు కాబోలు, ఆయన కళ్లు మూసుకునే, "ఆపకుండ్రి! వదినా, ఆపద్దని చెప్పు!" అని లచ్చక్కకు కేకేశారు. అప్పుడే ఆయన నోట అసలు సంగతి బయటపడింది. బండ అవతల దీపం పగిలిపోయాక ఓదెలు కాక చీకట్లో ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాడట. బుగులు పడకురా అంటూ, ఊరి ముచ్చట్లు చెబుతూ. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట ఆగిపోయాడట. కళ్లు తెరిచినా మూసినా ఒకటే అయిన ఆ చీకట్లో ఈయన పిలుస్తూ, పిలుస్తూ, జవాబు కోసం వింటూ ఉండిపోయారు. కళ్లు మూస్తే ఆయనకు వినిపించేది ఆ నిశ్శబ్దమే.

ఇక మేం చప్పట్లు ఆపలేదు. చేతులు ఎర్రబడేవి, మంట పుట్టేవి. రోజూ మధ్యాహ్నం వీధిలో పెద్దవాళ్లమంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్లం. దారిన పోయేవాళ్లు వీళ్లకేం పని లేదా అన్నట్టు చూసేవారు. ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కరి చప్పుడునూ గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఒకరోజు ఆ గుంపులో కొత్త చప్పుడు కలిసింది. ఆయన ఆగారు. చెవి అటు తిప్పారు. మెల్లగా నడిచి వెళ్లి రెండు ముసలి చేతులు పట్టుకుని, "అవ్వా" అన్నారు. మా అత్త తలొంచుకుని నిలబడి ఉంది, పండ్లు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మొన్న మా మనవరాలు చెప్పింది, వాళ్ల ఆఫీసులో పెద్దవాళ్లకు ఆటలు ఆడించడానికి బయటి నుంచి మనిషిని పిలుస్తారట. ఆటలయ్యాక మళ్లీ ఎవరి గదిలోకి వాళ్లు పోతారట. ఆ పిల్లకు నిద్ర సరిగా పట్టదు, పని పోతుందేమోనని లోలోపల భయం. వాళ్ల చీకట్లు వేరు, నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ నాకు ఒకటే అనిపిస్తుంది, పక్కవాడి భయం ఏమిటో తెలిసి ఆడిన ఆట వేరు. ఇప్పుడు మేముండే అపార్టుమెంట్లో ఎదురింటివాళ్ల ముఖం తెలుసు, చప్పట్లు వింటే గుర్తుపట్టలేను. ఆ ఆటతో మా ఆయన భయం మొత్తం పోయిందని కూడా చెప్పను. ఈ రోజుకూ మా ఇంట్లో రాత్రి చిన్న దీపం వెలుగుతూనే ఉంటుంది. దానికింద ఆయన కళ్లు మూసుకుని నిద్రపోతారు. అంతే.

ఆయన మళ్లీ బాయిలోకి దిగిన రోజు మాత్రం నాకు నిన్నటిలాగా గుర్తు. మల్లేశం ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండాలని లచ్చక్క మల్లేశానికి గట్టిగా చెప్పి పంపింది. వాళ్లు మలుపు తిరిగాక నేను వచ్చి మా అరుగు మీద కూర్చున్నాను. లచ్చక్క వచ్చి పక్కన కూర్చుంది. పొద్దు కదలడం లేదు. గూట్లో గిన్నెలు గణగణమన్నాయి. నేను ఉలిక్కిపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువగా వణుకుతోంది.

"నీకు గూడ బుగులేనా అక్కా?"

"లేకేంది?" అన్నది లచ్చక్క. "పెండ్లైన దినం కాంచి బుగులే. టోపీ దాసిపెడ్తె ఇంకో ఘడియ ఇంట్ల ఉంటడని దాసిపెడ్త."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఇన్నాళ్లూ గోడ అవతల విన్న నవ్వంతా నాకు వేరేగా వినిపించింది. లోపల్నుంచి అత్త వచ్చింది. చేతిలో పిడికెడు చింతగింజలు. అరుగు మీద బొగ్గుతో గుంటలు గుంటలుగా గీసి, "గిట్ల ఒకల మొఖం ఒకలు చూస్కుంట కూసుంటె పొద్దువోదు. రాండ్రి" అన్నది. ఓమనగుంటలు. ఆమె చిన్నప్పుడెప్పుడో ఆడిందట. ముగ్గురం ఆడాం. గింజలు వేస్తుంటే ఒక్కోసారి ఒక గింజ పక్క గీతలో పడేది. తొండి అని లచ్చక్క, కాదని అత్త. సైరన్ కూసినప్పుడు ముగ్గురి చేతులూ ఆగాయి. షిఫ్టు వేళేనా కాదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. షిఫ్టు వేళే. అయినా ఊపిరి వదల్లేదు. చాలాసేపటికి వీధి చివర మనుషుల అలికిడి, మల్లేశం గొంతు, దానికి జవాబుగా ఇంకో గొంతు. ఆయన వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. నెత్తి నుంచి కాళ్లదాకా నలుపు, మధ్యలో తెల్లగా రెండు కళ్లు.

నేను లేవబోయాను. అత్త నా మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తల ఎత్తి కొడుకును చూడలేదు. గుప్పిట్లో గింజల మీద ఆమె కన్నీళ్లు టపటపా పడుతున్నాయి.

"జర కూసో బిడ్డా" అన్నది. "నా వంతు ఆడుతున్న. అయినంక నీళ్లు తోడుత."